గ్రాఫిక్స్ కార్డు మార్చవలెనా?



నేడు పల్లెలలో సైతము పెక్కు ఇండ్లలో బల్లమీద నొక కంప్యూటరు కానవచ్చుచున్నది. పిల్లలు చదువునకని, పనికని, వినోదమునకని దానిని వాడుకొనుచున్నారు. కొన్న నాలుగైదేండ్లకు వారిలో నెవరో ఒకరు ఇంటి పెద్దకడకు వచ్చి, "తాతయ్యా, మన కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డు పాతబడినది, కొత్తది వేయింపవలెను, ముప్పది వేలు కావలెను" అని యడుగుట సామాన్యమైనది. బిడ్డ చెప్పు మాటలలో సగము పెద్దకు తెలియవు. తెలియని విషయమున పెద్దలు సాధారణముగా రెండు విధముల నడచుకొందురు. కొందరు "ఉన్నదానితో సరిపెట్టుకొనుము" అని కసరుదురు. కొందరు బిడ్డ చిన్నబుచ్చుకొనునని జంకి సొమ్ము తీసి యిత్తురు. ఈ రెండును తీర్పులు కావు.

గట్టు తగవు మీయొద్దకు వచ్చినపుడు మీరు వాది ముఖము చూచి తీర్పు చెప్పరు. గట్టు కడకు పోయి, కొలత వేయించి, సాక్షులను విచారించి, పిమ్మట మాట చెప్పెదరు. ఈ తగవునకును ఒక సాక్షి కలదు. ఆ సాక్షి కంప్యూటరే. తన పని యెచ్చట ఆగుచున్నదో అడుగ నేర్చినవారికి అది నిజమే చెప్పును. అట్లడుగు విధమును మీకు నివేదించుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

ముందుగా ఈ కార్డు చేయు పనియేమో తెలిసికొందము. మీరు చూచు కంప్యూటరు తెర చిన్న చిన్న చుక్కల కూర్పు. సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. హెచ్చించినచో 20,73,600 చుక్కలగును. తెర సెకనునకు 60 మారులు కొత్త బొమ్మను చూపును. అనగా ప్రతి సెకనునకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు పైగా, ఏ చుక్కకు ఏ రంగో లెక్క కట్టి తెరకు పంపవలెను. నిలిచియున్న అక్షరములైనచో ఈ పని సులభము. పరుగెత్తు గుఱ్ఱము, దాని నీడ, నీటిలో దాని ప్రతిబింబము చూపవలసివచ్చినపుడు ప్రతి చుక్క వెనుకను పెద్ద లెక్క యుండును.

కంప్యూటరునకు మెదడు వంటి ప్రాసెసరు ఈ లెక్కను చేయలేకపోదు. కాని అది మన పాతకాలపు కరణము వంటిది. ఎంత చిక్కు లెక్కనైనను విప్పగలదు. అయితే ఇంటికి అట్టివారు నలుగురో ఆరుగురో మాత్రమే యుందురు. గ్రాఫిక్స్ కార్డు వరినాట్లు వేయు కూలీల వరుస వంటిది. ఒక్కొక్కరు చేయు పని చిన్నది. అందరిదియు నొకే పని. అయినను వేలమంది ఒక్కసారి వంగి నాటుదురు. 2016లో వచ్చిన జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. అను కార్డులో అట్టి లెక్కగాండ్రు 768. 2021లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3060 అను కార్డులో 3,584. నాట్లకు కరణమును దింపినను పని సాగదు, చిక్కు లెక్కకు కూలీలను పిలిచినను పని సాగదు. ఈ భేదము జ్ఞాపకముంచుకొన్నచో సగము విషయము తెలిసినట్లే.

కార్డుమీద దానికే చెందిన మెమరీ యుండును. అది కళ్లము వంటిది. చేయుచున్న పనికి సంబంధించిన బొమ్మలు, రంగులు, కొలతలు అన్నియు ఆ కళ్లములో పోసికొనవలెను. కుప్ప కళ్లమునకు మించినచో, కూలీలెందరున్నను పని కుంటుపడును. కొన్ని పనులలో పూర్తిగా నిలిచిపోవును. కావున కార్డు యొక్క వేగమొకటి, దాని మెమరీ యొకటి. రెంటిని వేఱువేఱుగా విచారింపవలెను.

ఈ వస్తువు వెల ఇంత యేల యని మీరడుగవచ్చును. 1999లో ఎన్విడియా అను అమెరికా సంస్థ 'జిఫోర్స్ 256' అను కార్డును విడుదల చేయుచు దానికి జి.పి.యు. అను పేరును ప్రచారము చేసెను. ఆ దినములలో ఇది యాటలకు సంబంధించిన వస్తువు. 2012లో టొరాంటో విశ్వవిద్యాలయమునకు చెందిన ముగ్గురు పరిశోధకులు, 3 జీబీ మెమరీ గల రెండు ఆటల కార్డులను వాడి, ఛాయాచిత్రములలోని వస్తువులను గుర్తించుటను యంత్రమునకు నేర్పి, పోటీలో అందరికంటె ముందు నిలిచిరి. నేటి కృత్రిమ మేధకు అది గొప్ప మలుపు. నాటినుండి ఈ కార్డులను తయారుచేయు సంస్థల యెదుట ఆటగాండ్రతోపాటు పెద్ద పెద్ద వ్యాపారులును బేరమునకు నిలిచిరి. నడుమ డిజిటల్ నాణెములను సంపాదించుటకై కార్డులను రేయింబవళ్లు నడిపినవారు వేఱు. 2020 చివరినుండి 2022 వరకు వారివలనను, చిప్పుల కొఱతవలనను కార్డుల ధరలు మిన్నుముట్టినవి. 2022 సెప్టెంబరు 15వ తేదీన ఈథీరియమ్ అను నాణెము తన పద్ధతిని మార్చుకొనగా ఆ గిరాకి అణగినది. మఱల 2025 చివరినుండి మెమరీ చిప్పులకు కృత్రిమ మేధ వ్యాపారుల గిరాకి హెచ్చి వెలలు పెరిగినవి. మిరపకాయ ధర గుంటూరులో కదలినట్లు, ఈ వస్తువు ధర మన యవసరముతో నిమిత్తము లేకయే కదలుచుండును. కావున ధర తగ్గినదని కొనుట, ధర పెరుగునని తొందరపడి కొనుట, రెండును తగవు. మన పనిని ముందు తేల్చుకొనవలెను.

అసలు వేఱు కార్డు అవసరమే లేనివారు చాలమంది గలరు. ఉత్తరములు వ్రాయుట, లెక్కలు కట్టుట, ప్రభుత్వ దరఖాస్తులు నింపుట, పాఠములు వినుట, సినిమా చూచుట, అచ్చుపనికి పుటలు కూర్చుట మొదలైన వానికి, ప్రాసెసరులోనే యిమిడియుండు చిన్న గ్రాఫిక్స్ భాగము చాలును. అట్టి ఇంటిలో కంప్యూటరు నెమ్మదిగా నడచుచున్నచో దోషము సాధారణముగా వేఱొకచోట నుండును. మెమరీ చాలకపోవచ్చును, పాతకాలపు తిరుగుడు డిస్కు ఉండవచ్చును. అచ్చట ముప్పది వేల కార్డు వేయుట, పాదములో ముల్లు గ్రుచ్చుకొన్నవానికి తలకు కట్టు కట్టినట్లగును.

ఇక సాక్షిని విచారించుట యెట్లన్న విషయమునకు వత్తము. దీనికి మా యింట జరిగిన సంగతియే చెప్పుట మేలని తోచినది. 2024 వేసవిలో నా మనుమడును, మనుమరాలును ఒకే నెలలో ఒకే కోరికతో నాయొద్దకు వచ్చిరి. మనుమడు కుమారుని బిడ్డ. పట్టణములో చదువుకొనుచు, తీరిక వేళ రహదారులపై వాహనములు నడుపు ఆట ఆడుకొనును. మనుమరాలు కుమార్తె బిడ్డ. పిల్లల కథలకు కదలు బొమ్మలు చేసి యిచ్చి కొంత సంపాదించుకొనుచున్నది. ఇరువురికిని కొత్త కార్డు కావలెను. నాయొద్ద నున్నది మిద్దె కురియకుండ బాగుచేయించుటకు దాచిన 40,000 రూపాయలు. ఇద్దరికీ ఇచ్చుట సాధ్యము కాదు. ఆటకంటె పని మేలని వెంటనే మనుమరాలి పక్షము తీర్పు చెప్పవచ్చును. ఇంటిలో కొందరు అట్లే చెప్పుమనిరి. కాని విచారింపకయే ఆటను తక్కువ చేసి మాటలాడినచో, ఆ బాలుడు మఱియొకసారి నాయొద్దకు నిజము చెప్పుటకు రాడు. కావున ఇరువురి యంత్రములకును ఒకే విచారణ పెట్టితిని.

మనుమని కంప్యూటరులో నాలుగు భాగముల ప్రాసెసరు, ఒకే పలకగా నున్న 8 జీబీ మెమరీ, 6 జీబీ మెమరీ గల జి.టి.ఎక్స్. 1660 సూపర్ అను కార్డు ఉన్నవి. ఆట నడుచునపుడు బొమ్మలు సెకనునకు 48 వచ్చుచుండెను. నడుమ నడుమ ఆట తటాలున ఆగి, మఱల కదలుచుండెను. నేను చేయించిన పరీక్ష సులభమైనది. తెర కొలతను 1920, 1080 నుండి 1280, 720 చుక్కలకు తగ్గించి అదే ఆటను, అదే దారిలో నడుపుమంటిని. అపుడు చుక్కలు 20 లక్షలకు బదులు 9 లక్షల 21 వేలే యగును. కూలీల పని సగమునకంటె తగ్గినది. వారివలననే ఆలస్యమైనచో ఆట వేగముగా సాగవలెను. సాగలేదు. 48కి బదులు 49 వచ్చినది. టాస్క్ మేనేజరు అను పట్టికలో చూడగా, కార్డు తన శక్తిలో సగముకంటె కొంచెము మాత్రమే పనిచేయుచుండెను. ప్రాసెసరు నాలుగు భాగములును తీరిక లేక యుండెను. మెమరీ యంచువరకు నిండియుండెను. నాటు వేయువారు గట్టుమీద కూర్చుండి నారుకొఱకు ఎదురుచూచుచున్నారని దీని యర్థము. ఇంకను వేయిమంది కూలీలను పిలిచినను గట్టుమీద కూర్చుండువారి సంఖ్య పెరుగునే గాని నాటు సాగదు.

అతని మెమరీకి జతగా మఱియొక 8 జీబీ పలకను 1,800 రూపాయలకు వేయించితిమి. రెండు పలకలున్నపుడు ప్రాసెసరునకు రెండు దారులనుండి సరకు అందును. యంత్రమును విప్పినపుడు ఫ్యానులలో పేరుకొన్న దుమ్మును తుడిపించితిమి. దుమ్ము పట్టిన యంత్రము వేడెక్కును. వేడెక్కిన చిప్పు తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. పల్లెల దుమ్ములో నుండు యంత్రములకు ఇది ముఖ్యము. ఇంతటితో ఆ యాటలో బొమ్మలు సెకనునకు 60 దాటినవి. ఆగియాగి నడచుట పోయినది. అతని తెర సెకనునకు 60 బొమ్మలకంటె చూపలేదు. కావున అంతకుమించి కొన్నదేదియు అతని కంటికి చేరదు. ఇది విన్నపుడు బాలుని ముఖము కొంత ముడుచుకొన్న మాట నిజమే. కొత్త కార్డు పెట్టెను విప్పు సంబరము మెమరీ పలకకు లేదు. అయినను లెక్కను తానే చేసి చూచినవాడు గనుక మాఱు పలుకలేదు.

మనుమరాలి పని వేఱు. ఆమె వాడునది బ్లెండరు అను ఉచిత సాఫ్ట్‌వేరు. దానిని చిన్నచూపు చూడవలదు. లాట్వియా దేశీయుడైన గింట్స్ జిల్బలోడిస్ వరదలో చిక్కిన ఒక పిల్లి కథను, ఒక్క మాటయైన లేకుండ, 'ఫ్లో' అను పేర 2024లో చలనచిత్రముగా వెలువరించెను. ఆ చిత్రము బ్లెండరుతోనే తయారైనది. 2025 మార్చిలో ఆస్కారు బహుమానమును పొందినది. కావున ఇంటి బల్లమీది యంత్రముతో సాగు పని యని తీసివేయుటకు వీలులేదు.

కదలు బొమ్మల పనిలో సెకనునకు 24 బొమ్మలు కావలెను, నిమిషమునకు 1,440. ఆమెయొద్ద నున్న జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. కార్డుతో ఒక్కొక్క బొమ్మకు 90 సెకనులు పట్టుచుండెను. గుణించి చూడుడు. ఒక్క నిమిషపు కథకు 36 గంటలు. నాలుగు నిమిషముల కథకు 144 గంటలు, అనగా ఆరు దినములు యంత్రము ఆగక నడవవలెను. నడుమ కరెంటు పోయినచో మిగిలిన పనికి మఱల కూర్చుండవలెను. దానికితోడు పెద్ద దృశ్యములు ఆ కార్డు యొక్క 4 జీబీ కళ్లములో పట్టక పని నిలిచిపోవుచుండెను. ఆ కారణమున ఆమె రెండు పనులను ఒప్పుకొనక వదలుకొనవలసి వచ్చినది.

ఇచ్చట సాక్షిని అడుగుటయందొక మెలకువ కలదు. టాస్క్ మేనేజరులో కార్డు పుటను తెరువగానే కనబడు 'త్రీడీ' అను గీత ఇట్టి పనిని సరిగా చూపకపోవచ్చును. ఆ గీత పేరును నొక్కి 'క్యుడా' అనుదానిని ఎంచుకొన్నచో అసలు శ్రమ కనబడును. అట్లు చూడగా కార్డు నూటికి 98 పాళ్లు పనిచేయుచుండెను. ప్రాసెసరు తీరికగా నుండెను. మనుమని యంత్రమున కనబడినదానికి ఇది సరిగా విపర్యయము. ఇచ్చట కూలీలే చాలకున్నారు, కళ్లమును చాలకున్నది.

అంతటితోనైనను సొమ్ము తీయలేదు. ఆమె తన దృశ్యములలో మూడింటిని పెన్‌డ్రైవులో నుంచుకొని, ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు గల స్నేహితురాలి ఇంటికి పోయి, ఆ యంత్రముమీద నడిపి చూచినది. ఒక్కొక్క బొమ్మకు 20 సెకనులు పట్టినవి. నిమిషపు కథకు 36 గంటలకు బదులు 8 గంటలు. 2018 నుండి వచ్చుచున్న ఆర్.టి.ఎక్స్. వర్గపు కార్డులలో వెలుగు కిరణముల లెక్కకు ప్రత్యేక భాగములుండుటయు ఇంత భేదమునకొక కారణము. ప్రకటనలలోని అంకెలు ఇతరుల పనికి సంబంధించినవి. మన పనిని మనమే నడిపి చూచుకొన్న కొలత మనకు ప్రమాణము. కొనబోవు ఎద్దును సంతలో చూచుటకంటె మన అరకకు కట్టి ఒక చాలు తోలి చూచుట మేలు కదా.

అపుడు రెండు కార్డుల నడుమ ఎన్నిక వచ్చినది. 2023లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4060 కొత్తది, 115 వాట్లతో నడచును, కాని దాని మెమరీ 8 జీబీ. అంతకు రెండేండ్లు ముందు వచ్చిన 3060 పాతది. 170 వాట్లు త్రాగును. కాని దాని మెమరీ 12 జీబీ. ఆమె పెద్ద దృశ్యమునకు 9 జీబీ కావలసియున్నట్లు స్నేహితురాలి యంత్రమున కనబడినది. కావున ఈ పనికి పాతదియే తగినది. ఆటలకు మాత్రమే కొనువారికి తీర్పు వేఱు కావచ్చును. పేరులోని అంకె పెద్దదైనంత మాత్రమున వస్తువు మన కక్కరకు వచ్చునని నమ్మరాదు.

కరెంటు ఖర్చు పెరుగునని ఇంటివారు భయపడిరి. లెక్క తిరుగబడి వచ్చినది. పాత కార్డు 75 వాట్లు, మిగిలిన యంత్రము సుమారు 100 వాట్లు, మొత్తము 175. 36 గంటలకు 6.3 యూనిట్లు. కొత్త కార్డుతో 270 వాట్లు. 8 గంటలకు 2.16 యూనిట్లు. ఎక్కువ త్రాగు ఇంజను త్వరగా చెఱువు తోడిపోసి ఆగినట్లు, పని త్వరగా ముగియుటవలన ఖర్చు తగ్గినది. ఆటకైనచో ఇట్లు కాదు. ఆట గంటలు తగ్గవు గనుక అచ్చట వాట్లు పెరిగినకొలది బిల్లు పెరుగును.

కార్డు ఒంటరిగా రాదని కూడ పెద్దలు తెలిసికొనవలెను. మదర్‌బోర్డులోని గాడి 75 వాట్లవరకే కార్డునకు ఇయ్యగలదు. పాత 1050 టి.ఐ. ఆ గాడితోనే నడచినది. అంతకు మించిన కార్డునకు పవర్ సప్లై నుండి వేఱుగా తీగ రావలెను. ఎనిమిది ముల్లుల తీగ 150 వాట్లు మోయును. మనుమరాలి యంత్రములోని పవర్ సప్లైకి ఆ తీగయే లేదు. పేరు లేని చౌక పెట్టెలపై వ్రాసిన వాట్లను నమ్మి పెద్ద కార్డును తగిలించుట, పాత స్టార్టరుపై పెద్ద మోటారును ఎక్కించుట వంటిది. కాలినచో తానొక్కటియే కాలక తక్కినవానిని కూడ చెఱచును. కావున 550 వాట్ల మంచి పవర్ సప్లైకి 4,500 రూపాయలు వేఱుగా నైనవి. కార్డు 26,000; మొత్తము 30,500. క్యాబినెట్లో కార్డు పట్టు చోటును కొనకముందే కొలబద్దతో కొలిపించితిమి. కార్డు 24 సెంటీమీటర్లు, చోటు 30. ఇది చిన్న విషయమని విడిచినవారు కొన్న కార్డును చేత పట్టుకొని అంగడికి మఱల నడచుచున్నారు.

ఆ యేడు మిద్దె బాగుపడలేదు. వానకాలమంతయు పైన టార్పాలిను పఱచి, నడవలో గిన్నె పెట్టుకొని గడపితిమి. ఈ సంగతిని దాచుటకు నాకిష్టము లేదు. ఏలయన ప్రతి కొనుగోలు వెనుకను కొనకుండ వదలిన వస్తువొకటి యుండును. మనుమరాలు వెంటనే లాభము గడింపలేదు. మొదటి నాలుగు మాసములు పని తక్కువగా వచ్చినది. పిమ్మట కొంచెము కొంచెముగా నిచ్చి పండ్రెండు మాసములకు బాకీ తీర్చినది. మిద్దె పని మరుసటి వేసవిలో జరిగినది.

ఇప్పుడు ఇట్టి యెన్నికకు వచ్చువారు మఱి రెండు విషయములు విచారింపవలెను. మొదటిది యంత్రము వయస్సు. విండోస్ 10కు సంస్థవారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 చాల పాత ప్రాసెసరులను ఒప్పుకొనదు. 1050 టి.ఐ. వర్గపు కార్డులకును 2025 అక్టోబరుతో కొత్త ఆటలకు తగిన సవరణలు నిలిచిపోయి, భద్రతకు సంబంధించినవి మాత్రము 2028 వరకు వచ్చునని ఎన్విడియా ప్రకటించినది. కావున కార్డు మాత్రమే పాతదై తక్కినది గట్టిగా నున్నచో కార్డు మార్చుట యుక్తము. యంత్రమంతయు ముసలిదైనచో, చెదలు పట్టిన తలుపునకు ఇత్తడి గొళ్లెము వేయక, ఆ సొమ్మును పూర్తి యంత్రమునకై దాచుట మేలు. ఒక ఊరట కలదు. మంచి కార్డును, మంచి పవర్ సప్లైని సాధారణముగా రేపటి కొత్త యంత్రములోనికి తీసికొనిపోవచ్చును.

రెండవది, వాడిన కార్డును కొనుట. నాణెముల పనిలో రేయింబవళ్లు నడిచిన కార్డులు 2022 తరువాత చాల సంతకు వచ్చినవి. అన్నియు చెడ్డవి కావు. కాని ఫ్యానులు అరిగియుండవచ్చును. అమ్మువాని ఇంటనే అరగంటసేపు గట్టి పనిపై నడిపించి, తెరపై రంగుల మచ్చలు వచ్చునేమో, ఫ్యాను గరగరలాడునేమో చూడవలెను. బిల్లులోని సంఖ్యయు కార్డుపైని సంఖ్యయు ఒకటియేనా, వారంటీ మిగిలియున్నదా యని సరిచూడవలెను. "ఇక్కడ నడిపించుటకు వీలులేదు" అనినచో లేచి వచ్చుటయే మంచిది.

కావున పెద్దలారా, బిడ్డ వచ్చి కార్డు కావలెనని యడిగినపుడు మీరు తిరిగి యడుగవలసిన మాటలు కొలదియే. ఏ పనికి? ఆ పని నడుచునపుడు కార్డు నిండుగా పనిచేయుచున్నదా, ప్రాసెసరు నిండుగానున్నదా, మెమరీ నిండినదా? తెర కొలత తగ్గించి చూచితివా? దుమ్ము తుడిచితివా? నీ పనిని ఆ కొత్త కార్డు గల మఱియొకరి యంత్రముపై నడిపి చూచితివా? పవర్ సప్లైతో కలిపి మొత్తమెంత? ఈ మాటలకు జవాబులు తెచ్చుటకు బిడ్డకు మూడు దినములు చాలును. జవాబులు తేలేని కోరిక తొందర కోరిక. కొంత నిలుపుట న్యాయము. జవాబులు తెచ్చిన కోరికను, అది యాటకైనను పనికైనను, గౌరవముతో వినుట న్యాయము.

ఆంగ్ల మాటలు నోరు తిరుగవని మీరు వెనుదీయ నక్కఱలేదు. తూము ఎచ్చట పూడినదో చూడక కాలువ త్రవ్వింపరాదని మీకు తెలియును. చెఱువు నీరు చివరి మడికి రానపుడు గట్టు వెంబడి నడచి, అడ్డుపడిన చోటును కనుగొని, అచ్చటనే పార వేయుట మీరు ఏండ్లుగా చేయుచున్న పని. బిడ్డకు యంత్రము తెలియును. మీకు విచారణ తెలియును. ఇద్దరును బల్లముందు కలిసి కూర్చున్ననాడు సొమ్మును దండుగ కాదు, బిడ్డ కోరికయు అణగిపోదు.

సెలవు.